రాజుగారి జట్టుకు ఆడినోడే మన జట్టుకూ ఆడినాడు

మా తిరుపతి పక్క ఐపీఎల్ మొదలైందంటే ఊరూరికీ రంగు మారతాది. 2023లో చెన్నై జట్టు ఐదోసారి కప్పు కొట్టినప్పుడు చంద్రగిరి నుంచి పుత్తూరు దాకా యాడ చూసినా పసుపు టీషర్టులే. 2025లో అదే చెన్నై పట్టికలో పదో స్థానంలో, అంటే అట్టడుగున కూర్చునింది. ఆ టీషర్టులు శానా మటుకు బీరువాల్లోకి పోయినాయి. అదే ఏడు జూన్ 3న బెంగళూరు జట్టు పద్దెనిమిదో సీజన్లో మొదటి కప్పు కొట్టింది. కుప్పం, పలమనేరు పక్క పిలకాయలు పండగ చేసుకున్నారంటే దానికి అర్థముండాది, వాళ్లలో శానామంది ఓడినన్నాళ్లూ ఆ జట్టుతోనే ఉండినోళ్లు. ముందురోజు దాకా ఆ జట్టును ఎగతాళి చేసినోళ్లు కూడా తెల్లారేసరికి ఫోన్లో డీపీలు మార్చేసినారు. 2009లో డెక్కన్ చార్జర్స్‌కు, 2016లో సన్‌రైజర్స్‌కు కూడా ఇట్లాంటి చుట్టాలే వచ్చినారు. కప్పుతో వచ్చినారు, కప్పుతోనే పోయినారు.

గెలిచే పక్కకు మనసు మొగ్గుతాది. అది మనిషి గుణం, దానికి కోర్టు లేదు, కేసు లేదు. చెన్నై మనకు మూడు గంటల దోవ, హైదరాబాదు ఒక రాత్రి ప్రయాణం. తిరుపతోడు పసుపు టీషర్టు వేసుకుంటే అదేం వింత కాదు. నా గొడవ వేరే. దుడ్లతో జట్టును కట్టొచ్చు. గెలుపుతో ఆ జట్టు చుట్టూ జనాన్ని కట్టొచ్చు. గెలుపు పోయిన రోజు ఆ జట్టు పక్కన ఎవరు నిలబడతారు?

ఈ ప్రశ్న ఐపీఎల్‌తో పుట్టింది కాదు. వందేండ్ల కిందటే మన దేశంలో రాజులు దుడ్లు పోసి ఆటగాళ్లను తెచ్చుకున్నారు, జట్లు కట్టుకున్నారు. ఆ ఆటలో నలిగి, గెలిచి, చివరికి ఎవరూ పట్టించుకోని జట్టుకు కూడా ఆడిపోయిన ఒక తెలుగు మనిషి బతుకు చెప్తాను. పేరు కొఠారి కనకయ్య నాయుడు. లోకానికి సి.కె. నాయుడు. ఇండియా టెస్టు జట్టుకు మొట్టమొదటి కెప్టెన్.

నాగపూరులో తెలుగు ఇల్లు

సి.కె. పుట్టింది 1895 అక్టోబర్ 31న, నాగపూరులో. వాళ్ల ఇంటి వేర్లు మచిలీపట్నంలో ఉండాయి. తాత వకీలు, నాగపూరులో పేరు తెచ్చుకున్న పెద్దమనిషి. అట్ల ఆ కుటుంబం మరాఠీ, హిందీ మాట్లాడే ఊర్లో తెలుగు ఇల్లుగా నిలబడింది. పిలగాడు బడిలో ఉన్నప్పటి నుంచే బ్యాటు పట్టినాడు. పొడుగు మనిషి, ఇనుప కడ్డీ మాదిరి ఒళ్లు, నడిచొస్తా ఉంటేనే మిలిటరీ మనిషి అనిపించే నడక.

1916లో, 21 ఏండ్ల వయసులో పెద్ద క్రికెట్ లోకి వచ్చినాడు. ఆ కాలంలో బొంబాయిలో జరిగే పెద్ద టోర్నమెంటుకు జట్లు ఊర్ల పేర్లతో ఉండేవి కాదు. హిందువులు ఒక జట్టు, ముస్లింలు ఒక జట్టు, పార్సీలు ఒక జట్టు, యూరోపియన్లు ఒక జట్టు. జనం కూడా అట్లనే చీలిపోయి కూర్చునేవాళ్లు. సి.కె. హిందువుల జట్టుకు యూరోపియన్ల మీద దిగినాడు. అప్పటికే ఏడు వికెట్లు పడిపోయినాయి. మొదటి మూడు బంతులు అడ్డుకున్నాడు. నాలుగోది సిక్సరు. ఆయన ఖాతాలో పడిన మొట్టమొదటి పరుగులు ఆ ఆరే.

ఆట బాగుంటే సరిపోదు, కడుపు నిండాల గదా. అప్పుడు మ్యాచ్ ఫీజులు లేవు, వేలంపాటలు లేవు. ఆటగాడికి దిక్కు రెండే: ఏదన్నా ఆఫీసులో ఉద్యోగం, లేదంటే ఒక రాజు కొలువు. 1923లో ఇండోరు హోల్కర్ రాజు సి.కె.ను పిలిపించుకొని తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చినాడు. పేరుకు సైన్యం, అసలు పని క్రికెట్. ఎనకాల కల్నల్ అయినాడు. జనం ఆయన్ను కల్నల్ అని పిలిచేది ఆ కొలువు వల్లనే. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే నాగపూరు పిలగాడిని ఇండోరు ఫ్రాంచైజీ కొనుక్కునింది. కాబట్టి దుడ్ల జట్టు అంటేనే పాపం అన్నట్టు మాట్లాడేదానికి నాకు నోరు రాదు. ఆ దుడ్లే లేకుంటే ఒక పెద్ద ఆటగాడు ఏ కచ్చేరీలోనో ఫైళ్లు మోసుకుంటా ఉండేవాడు.

1926లో ఆర్థర్ గిలిగన్ కెప్టెన్‌గా ఇంగ్లండ్ నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల తరపున సి.కె. బ్యాటు పట్టినాడు. 116 నిమిషాల్లో 153 పరుగులు, అందులో 11 సిక్సర్లు. ఒక ఇన్నింగ్సులో అన్ని సిక్సర్లు అప్పటిదాకా ఎవురూ కొట్టలేదు. ఆట చూసేదానికి జనం చుట్టుపక్కల మిద్దెలెక్కినారు, చెట్లెక్కినారు. ఎం.సి.సి. వాళ్లే మెచ్చుకొని వెండి బ్యాటు బహుమానంగా ఇచ్చిపోయినారు. రెండేండ్లకు, 1928లో మన క్రికెట్ బోర్డు పుట్టింది. ఇంగ్లండోళ్లతో సమానంగా ఆడొచ్చనే ధైర్యం ఆ 153తో దేశానికి వచ్చింది.

రాజుల దుడ్లు, రాజుల కెప్టెన్సీ

1932లో ఇండియా మొదటి టెస్టు ఆడేదానికి ఇంగ్లండ్ పోవాల. జట్టులో ఆటగాళ్ల సంగతి ఎట్లున్నా, కెప్టెన్ మాత్రం రాజు కావాలన్నది అప్పటి లెక్క. దుడ్లు పెట్టేది రాజులు గదా. పోర్‌బందర్ మహారాజును కెప్టెన్ చేసినారు. ఆయన మంచితనం ఏమంటే, తన ఆట ఎంతో తనకు తెలుసు. టెస్టు వచ్చేసరికి పక్కకు తప్పుకొని సి.కె.కు దోవ ఇచ్చినాడు. రాజు కాని మనిషి కింద ఆడేది జట్టులో కొందరికి రుచించలేదు. అయినా 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలోకి ఇండియా జట్టును నడిపించుకొని పోయింది సి.కె. నాయుడే.

ఆ మ్యాచ్‌లో క్యాచ్ పట్టబోయి చెయ్యి పగిలింది. ఆ చేత్తోనే బ్యాటు పట్టి మొదటి ఇన్నింగ్సులో 40 కొట్టినాడు. మన జట్టులో అందరికంటే ఎక్కువ స్కోరు అదే. మనోళ్లు 158 పరుగుల తేడాతో ఓడినారు. ఆ టూర్ మొత్తం మీద మాత్రం ఆయన ఫస్ట్‌క్లాస్ మ్యాచుల్లో 1,600కు పైగా పరుగులు చేసినాడు. బర్మింగ్‌హామ్ ఎడ్జ్‌బాస్టన్‌లో ఆయన కొట్టిన ఒక సిక్సరు పక్కనున్న రియా ఏటిని దాటి పడింది. అప్పట్లో ఆ ఏరు రెండు జిల్లాలకు సరిహద్దు కాబట్టి బంతి ఒక జిల్లాలో లేచి ఇంకో జిల్లాలో పడింది. 1933లో విజ్డెన్ పుస్తకం ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్లలో ఆయన పేరు వేసింది.

ఇప్పుడు ఇంకో తెలుగాయన దగ్గరికి రావాల. విజయనగరం రాజకుమారుడు, లోకం విజ్జీ అని పిలిచే మనిషి. ఈయన ఉండేది కాశీలో. క్రికెట్ అంటే పిచ్చి, చేతిలో లెక్కలేనంత దుడ్లు. 1930-31లో సొంత జట్టు కట్టి, ఇంగ్లండ్ నుంచి జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను తెప్పించి ఇండియా, సిలోన్ అంతా తిప్పి ఆడించినాడు. ఆ ఇద్దరూ అప్పుడు ప్రపంచంలో పేరు మోసిన ఓపెనింగ్ జోడీ. ఎనకాల వెస్టిండీస్ నుంచి లియరీ కాన్‌స్టంటైన్‌ను కూడా రప్పించినాడు. వేలంపాట లేని కాలంలో ఇంతకంటే పెద్ద వేలంపాట ఉండదు. ఆ పెద్ద ఆటగాళ్ల వల్ల మన పిలకాయలు నేర్చుకున్నది కూడా ఉండాది, అది కాదనకూడదు.

విజ్జీ కోరిక అక్కడ ఆగలేదు. 1936లో ఇంగ్లండ్ పోయే ఇండియా జట్టుకు కెప్టెన్ కావాలనుకున్నాడు. సి.కె.ను పక్కకు నెట్టి బోర్డు ఆయన్నే కెప్టెన్ చేసింది. అంటే ఒకే జట్టులో ఇద్దరు తెలుగోళ్లు: ఒకరు దుడ్లతో కెప్టెన్ అయినోడు, ఇంకొకరు ఆటతో కెప్టెన్ అయ్యుండి దిగిపోయినోడు. జట్టు రెండుగా చీలింది. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఓడ ఎక్కించి ఇంటికి పంపినారు. సి.కె.ను తిట్టినోళ్లకు జట్టులో చోటు దొరుకుతాదన్న మాట అప్పుడు పుట్టి, ఈ రోజుకూ క్రికెట్ చరిత్రలో తిరగతానే ఉండాది. మూడు టెస్టుల్లో విజ్జీ కొట్టింది మొత్తం 33 పరుగులు. సిరీస్ 2-0తో పోయింది. టూర్ మధ్యలోనే ఆయనకు బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. తిరిగొచ్చినాక వేసిన విచారణ కమిటీ ఆయన కెప్టెన్సీని తప్పు పట్టింది.

ఆ అవమానంలో సి.కె. ఏం చేసినాడు? ఓవల్‌లో చివరి టెస్టు. వయసు నలభై. గబ్బీ అలెన్ వేసిన బంతి పొట్టలో గట్టిగా తగిలింది. ఒక్క నిమిషం కుప్పకూలి, మళ్లా లేచి నిలబడి 81 పరుగులు కొట్టినాడు. ఆయన ఆడిన ఏడు టెస్టుల్లో అదే చివరి ఇన్నింగ్సు. తనను దించేసిన కెప్టెన్ కింద, ఓడిపోయే మ్యాచ్‌లో, పొట్ట పట్టుకొని 81. జట్టు ఎవరి చేతిలో ఉండాదని చూసి ఆడే మనిషి అట్ల ఆడడు.

పది ఫైనళ్ల జట్టు

టెస్టు తలుపు మూసుకుంది గానీ ఇండోరు తలుపు తెరిచే ఉన్నింది. యశ్వంతరావు హోల్కర్ కాలంలో ఆ జట్టు దేశంలోనే బలమైన జట్లలో ఒకటి అయింది. సి.కె. కెప్టెన్. ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు, ముస్తాక్ అలీ, సర్వటే, నింబాల్కర్, జగ్దాలే. యాడెక్కడ మంచి ఆటగాడుంటే ఆడ నుంచి ఇండోరుకు రప్పించి కొలువు ఇచ్చేవాళ్లు. 1944-45 నుంచి 1954-55 దాకా పదకొండు సీజన్లలో హోల్కర్ పది రంజీ ఫైనళ్లు ఆడింది. నాలుగు గెలిచింది: 1945-46, 1947-48, 1950-51, 1952-53. మనం చెన్నై, ముంబై ఐదు కప్పులంటే నోరు తెరుస్తాం. ఆ కాలానికి హోల్కర్ అట్లాంటిది.

1945-46 సెమీఫైనల్లో మైసూరు జట్టు మీద హోల్కర్ 8 వికెట్లకు 912 కొట్టి డిక్లేర్ చేసింది. ఒకే ఇన్నింగ్సులో ఆరుగురు సెంచరీలు కొట్టినారు, అందులో యాభయ్యో పడిలో ఉన్న సి.కె. ఒకడు. ఆ తర్వాత బరోడా మీద ఫైనల్లో 200 కొట్టినాడు. మైసూరు బౌలర్ల గతి తలుచుకుంటే నాకు జాలేస్తాది. దుడ్లున్న జట్టు ముందు లేని జట్టు ఎట్లుంటాదో చెప్పేదానికి అంతకంటే సాక్ష్యం వద్దు.

అయితే దుడ్లకూ ఒక హద్దుండాది. అంతకు ముందు ఏడు, 1945 ఫైనల్లో, బొంబాయి మీద హోల్కర్ తరపున ఇంగ్లండ్ ఆటగాడు డెనిస్ కాంప్టన్ కూడా దిగినాడు. యుద్ధం రోజులు, ఆయన ఇండోరు పక్కనే మౌ కంటోన్మెంటులో సిపాయిగా ఉన్నాడు. ఆ ఫైనల్లో 249 నాటౌట్ కొట్టినాడు. సి.ఎస్. నాయుడు ఒక్కడే ఆ మ్యాచ్‌లో 152 ఓవర్లకు పైగా బంతులేసినాడు. అంత చేసినా బొంబాయి 374 పరుగుల తేడాతో గెలిచింది. బొంబాయికి ఏ రాజూ లేడు. వాళ్లకుండేది వీధి వీధినా క్లబ్బులు, మైదానాలు, పొద్దున లేస్తే ఆడే పిలకాయలు.

ఇంకో సంగతి గుర్తు పెట్టుకోవాల. హోల్కర్ జట్టంతా బయట నుంచి తెచ్చింది కాదు. ముస్తాక్ అలీ ఇండోరు పిలగాడే. చిన్నప్పుడే వాణ్ణి కనిపెట్టి, పక్కన పెట్టుకొని తీర్చిదిద్దింది సి.కె. రాజు దుడ్లతో ఆయన ఊరి పిలగాడిని కూడా పెంచినాడు. ఆ తేడా మన కాలానికి శానా ముఖ్యం.

ఎందుకంటే మన మండలాల్లో ఇప్పుడు జరిగేది చూడండి. సంక్రాంతికి, ఎండాకాలంలో టెన్నిస్ బంతి టోర్నమెంట్లు. నేను రెండు మూడేండ్లు ఇట్లాంటి వాటికి స్కోరు రాసినాను. మొదటి బహుమతి లెక్క పెరిగేకొద్దీ ఊరి పేరుతో దిగే పదకొండు మందిలో ఆ ఊరోళ్లు తగ్గిపోతా వచ్చినారు. చెన్నై నుంచి ఇద్దరు, బెంగళూరు నుంచి ఇద్దరు, పక్క జిల్లా నుంచి ముగ్గురు, మ్యాచ్‌కు ఇంత అని మాట్లాడుకొని వస్తారు. ఏడాదంతా చెరువు కట్ట కింద ఆడిన సొంతూరి పిలగాడు నీళ్ల సీసాలు మోస్తా ఉంటాడు. గెలిస్తే ఊరంతా టపాకాయలు కాలుస్తాది. మరుసటి ఏడు దుడ్లు పెట్టే పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఆడేదానికి బయటోళ్లు రారు, ఊరోళ్లకు అలవాటు పోయుంటాది. జట్టే ఉండదు. నేను స్కోరు రాసిన జట్లలో రెండు అట్లనే మాయమైపోయినాయి.

హోల్కర్‌కు కూడా అదే జరిగింది. స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాలు కలిసిపోయినాయి, రాజుల ఖజానాలు కరిగినాయి. 1954-55 ఫైనల్లో మద్రాసు చేతిలో ఓడిపోయినాక హోల్కర్ అనే పేరే రంజీలో లేకుండా పోయింది. ఆ జట్టు మధ్యభారత్ అయింది, తర్వాత మధ్యప్రదేశ్ అయింది. 1953లో కప్పు కొట్టిన ఆ ఊరు మళ్లా రంజీ కప్పు చూసింది 2022లో. మధ్యలో 69 ఏండ్లు. 2022లో బొంబాయిని ఓడించి గెలిచిన ఆ మధ్యప్రదేశ్ జట్టులో సినిమా హీరోల మాదిరి పేర్లు లేవు. చంద్రకాంత్ పండిట్ అనే కోచ్ కింద ఏండ్ల తరబడి చెమటోడ్చిన పిలకాయలే అంతా.

ఈ రోగం మనకొక్కటే కాదు. అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉండాది, మన గిల్లీదండకు, క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోండి. అక్కడ ఒక జట్టు ఆటగాళ్ల జీతాలకు ఇంత దుడ్లే పెట్టాల అనే గట్టి కట్టడి లేదు, మితి మీరితే పన్ను కట్టాల, అంతే. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అనే జట్టు 2023 డిసెంబర్‌లో షోహై ఒతానీ అనే జపాను ఆటగాడితో పదేండ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2024లోనూ 2025లోనూ కప్పు వాళ్లదే. ఆ నీలం టోపీ ఇప్పుడు యాడ చూసినా కనిపిస్తాది. పాత అభిమానులకూ కొత్త చుట్టాలకూ అక్కడా మాటల యుద్ధమే. మన ఐపీఎల్‌లో ఆ మటుకు నయం. 2025 సీజన్‌కు ఒక్కో జట్టు చేతిలో 120 కోట్లే పెట్టినారు, అందరికీ సమానం. రిషభ్ పంత్‌ను 27 కోట్లకు కొన్న లక్నో జట్టు కూడా ఆ సంచిలో నుంచే తీయాల. అయినా జనం మాత్రం సమానంగా పంచుకోరు, గెలిచినోడి దగ్గరికే పోతారు.

58 ఏండ్ల వయసులో ఆంధ్ర కెప్టెన్

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు సంగతి. 1951-52లో, 56 ఏండ్ల వయసులో, సి.కె. బ్యాటు పట్టి ఉండగా దత్తు ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి పళ్లు ఊడినాయి. పిచ్ మీద పడిన పళ్లను పక్కకు నెట్టేసి, ఆట ఆపకుండా ఆడినాడు. 1952-53లో హోల్కర్‌కు నాలుగో కప్పు వచ్చింది. ఏ మనిషైనా అక్కడ బ్యాటు గోడకు తగిలించి దండలు వేయించుకుంటాడు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. మన చిత్తూరు జిల్లా అప్పటిదాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నింది, ఆ రోజు ఆంధ్రలోకి వచ్చింది. ఆ సీజన్లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో దిగింది. చేతిలో రాజు లేడు, ఖజానా లేదు, పేరున్న ఆటగాళ్లు లేరు. రాజధానే కర్నూలులో గుడారాల్లో మొదలైన రాష్ట్రం, దాని క్రికెట్ జట్టు ఎట్లుంటాదో మీరే అనుకోండి. ఆ జట్టుకు మొదటి కెప్టెన్ సి.కె. నాయుడు. ఆయనకు అప్పుడు 58 ఏండ్లు.

ఇంకా తమాషా ఏమంటే, ఆ సీజన్లో ఆయన వదిలొచ్చిన హోల్కర్ మళ్లా ఫైనల్ ఆడింది. ఆయన నడిపించిన ఆంధ్ర కప్పు దరిదాపుల్లో కూడా లేదు. పది ఫైనళ్ల జట్టు నుంచి పసిబిడ్డ జట్టుకు వచ్చినాడు. గెలుపు ఎటుపోతే అటు పోయేవాళ్లు శానామంది. ఈయన గెలుపును ఎనకాల పెట్టి, ఓటమి ఖాయమైన పక్కకు నడిచొచ్చినాడు. ఆంధ్ర జట్టంటే మన చిత్తూరు, మన మదనపల్లె, మన శ్రీకాళహస్తి కూడా గదా. అట్ల చూస్తే ఇండియా మొదటి కెప్టెన్ ఒక సీజన్ మనకు కూడా కెప్టెన్. ఈ మాట మన జిల్లాలో ఎంతమంది పిలకాయలకు తెలుసు?

అంతటితో కూడా ఆపలేదు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1956-57లో, 61 ఏండ్ల వయసులో, ఉత్తరప్రదేశ్ తరపున రంజీ ఆడినాడు. మొత్తం మీద 207 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 411 వికెట్లు. 1967 నవంబర్ 14న ఇండోరులో కన్ను మూసినాడు. 1996లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. బోర్డు ప్రతి ఏడూ జీవితకాల సేవకు ఇచ్చే పెద్ద పురస్కారం ఆయన పేరు మీదనే ఉండాది.

ఆయన రెండు జట్లూ ఎదురెదురుగా

ఆయన వదిలిపోయిన కథ ఇంకా నడుస్తానే ఉండాది. 2023లో రంజీ క్వార్టర్ ఫైనల్. ఇండోరులో, హోల్కర్ పేరు పెట్టిన స్టేడియంలో, మధ్యప్రదేశ్ మీద మన ఆంధ్ర. అంటే సి.కె. పెంచిన జట్టుకు వారసులు ఒక పక్క, ఆయన మొదలుపెట్టిన జట్టు ఇంకో పక్క. మన కెప్టెన్ హనుమ విహారి మణికట్టు ఎముక విరిగింది. కుడిచేతి ఆటగాడు, ఎడమచేతి వాటంగా నిలబడి, ఒంటి చేత్తో బ్యాటు పట్టి ఆడినాడు. పళ్లు ఊడినా ఆడిన ఆ పెద్దాయన చూసుంటే మెచ్చుకునేవాడు. మ్యాచ్ మాత్రం పోయింది.

2024లో మళ్లా అదే ఇండోరు, అదే మధ్యప్రదేశ్, అదే క్వార్టర్ ఫైనల్. గెలిచేదానికి 170 కావాల. మనోళ్లు 165కు ఆలౌట్. నాలుగంటే నాలుగు పరుగుల తేడాతో ఓడినారు. ఆంధ్ర ఇంతవరకు రంజీ కప్పు కొట్టలేదు, ఆ ఏడు కొట్టే జట్టు మాదిరే ఆడింది. ఆ మధ్యాహ్నం నేను మా బజార్లో టీ అంగడి దగ్గర కూర్చోని ఫోన్లో స్కోరు చూస్తా ఉన్నాను. పక్కన ఇరవై మంది పిలకాయలుండారు. వచ్చే ఐపీఎల్‌లో చెన్నైకు ఎవరు ఓపెనింగ్ చేస్తారని పోట్లాడుకుంటా ఉన్నారు. ఆంధ్ర ఆడతా ఉండాదన్న సంగతి ఒక్కడికీ తెలియదు.

తమ్ముళ్లూ, పసుపు టీషర్టు తీసేయమని నేను చెప్పడం లేదు. దుడ్లున్న జట్టు ఆట బాగుంటాది, చూడండి, అరవండి. రాజు దుడ్లతో బతికిన సి.కె. దాన్ని తప్పనడు. కాకపోతే జట్టును ప్రేమించేదానికీ గెలుపును ప్రేమించేదానికీ తేడా ఉండాది. ఆ తేడా తెలిసేది ఓడినప్పుడే. చెన్నైకు, బెంగళూరుకు మీరు ఒకరు తగ్గినా పోయేదేం లేదు, కోట్ల మంది ఉండారు. ఆంధ్ర రంజీ మ్యాచ్‌కు మీరొకరు స్కోరు చూస్తే అది లెక్కలోకి వస్తాది. మీ ఊరి జట్టు మ్యాచ్‌కు మీరొకరు గట్టున నిలబడితే అది ఇంకా లెక్కలోకి వస్తాది.

టోర్నమెంట్లు పెట్టే పెద్దలకు ఒక మాట. బయట నుంచి ఆటగాళ్లను తెచ్చుకోండి, వద్దనడం లేదు. ఎంతమంది దాకా అని ఒక గీత గీయండి. పదకొండులో ఏడుగురు సొంతూరోళ్లు ఉండాలని రూలు పెడితే మీ టోర్నమెంటు కళ తగ్గదు. తెచ్చిన ఆటగాడు ఇండోరులో సి.కె. చేసినట్టు మీ ఊరి పిలగాడికి నాలుగు మెళకువలు నేర్పించి పోయేటట్టు చూడండి. మీరు దుడ్లు ఆపేసిన ఏడు కూడా ఆ ఊర్లో జట్టు మిగలాల.

హోల్కర్ రాజు పోయినాడు, ఆ జట్టు పేరు పోయింది, ఆ పది ఫైనళ్లకు ఈలలేసిన జనం పోయినారు. 1953లో ఏమీ లేకుండా మొదలైన ఆంధ్ర జట్టు మాత్రం ఈ రోజుకూ ఆడతానే ఉండాది. వచ్చే రంజీ సీజన్లో దాని మొదటి మ్యాచ్ తేదీ మీ ఫోన్లో రాసి పెట్టుకోండి.